తూటాలోని మందు - పట్టికలోని అంకె



నేటి ప్రసంగమునకు వస్తువు తూటా. వేట రైఫిలు తూటాలను ఇంటిలో స్వయముగా నింపుకొనే పని యొకటి ఉండేది. ఆ పనికి అచ్చుపుస్తకములలో మందు కొలతల పట్టికలు ఉండేవి. ఆ కొలతలను తన తుపాకికి తగినట్లు మార్చుకొనే వేటగాండ్రు ఉండేవారు. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరే వేళ ఈ విషయమేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చును. నేను చెప్పదలచినది వేటను గూర్చి కాదు. అచ్చులో పడిన ఒక అంకెను మనము ఎంతవరకు నమ్మవచ్చును, దానిని మార్చుటకు మనకు ఎంత అర్హత ఉన్నది అను ప్రశ్నను గూర్చి. ఆ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. కవాడిగూడలోని మా ఇంటిలో, ఒక టేకు పెట్టెలో దొరికినది.

1960వ సంవత్సర ప్రాంతము. నేను పదేండ్లవాడను. మాది ఉమ్మడి కుటుంబము. ట్యాంకుబండు దిగువనుండి రామగోపాలు మిల్లు కూత వినబడినదంటే మా వీధిలో గడియారములతో పని లేదు. మా పెద్దనాన్నగారు సర్కారు కొలువు చేసేవారు. వేట లైసెన్సు గలవారు. ఆదిలాబాదు అడవులలోను, అమ్రాబాదు అడవులలోను చలికాలపు షికార్లకు వెళ్ళివచ్చినవారు. రాత్రి భోజనమైన పిదప, నెలకొకటి రెండుసార్లు, ఆయన ఆ టేకు పెట్టెను తెరిచేవారు. అందులో ఉక్కు అచ్చులు, చిన్న ఇత్తడి గరాటు, త్రాసు, ఖాళీ డొప్పలు, ఒక ఇంగ్లీషు చేతిపుస్తకము, నల్ల అట్ట నోటుపుస్తకము ఉండేవి. ఆ గదిలోనికి చుట్టగాని, అగ్గిపెట్టెగాని, కిరసనాయిలు దీపముగాని రాకూడదు. ఆ సమయమున ఎవరును ఆయనతో మాట్లాడకూడదు. గడప ఇవతల కూర్చొని చూచుటకు మాత్రము నాకు అనుమతి ఉండేది.

హైదరాబాదులో దీనిని కార్తూసు అనేవారు, తెలుగున తూటా. దీనికి నాలుగు అంగములు. మొదటిది డొప్ప. ఇది ఇత్తడితో చేయబడును. ఇంచుమించు ఏడు పాళ్ళు రాగి, మూడు పాళ్ళు తుత్తునాగము. రెండవది డొప్ప అడుగున అమర్చే టోపీ. తుపాకిలోని ముల్లు తగిలినప్పుడు నిప్పు పుట్టించేది ఇదే. మూడవది మందు. నాల్గవది ముందు బిగించే గుండు. తుపాకి పేలినప్పుడు గుండు వెళ్ళిపోవును, మందు కాలిపోవును, టోపీ పాడగును; డొప్ప మిగులును. నాల్గింటిలో ఖరీదైనది డొప్పయే. దానిని శుభ్రపరచి, అచ్చులో వేసి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త టోపీ, కొత్త మందు, కొత్త గుండు అమర్చిన మరల తూటా తయారగును. ఇదే చేతితో తూటా నింపుట.

ఈ పని పుట్టుటకు మొదటి కారణము పొదుపు. రెండవ కారణము కొరత. కొన్ని రకముల తూటాలు విదేశములనుండి రావలసియుండేవి. వచ్చినను అందరికీ దొరికేవి కావు. మూడవ కారణము శ్రద్ధ. తన తుపాకికి నప్పిన తూటా తానే చేసుకొన్నచో గురి బాగుగా కుదురునని వేటగాండ్ర నమ్మకము. ఆ నమ్మకములో నిజము ఉన్నది.

పూర్వపు నాటు తుపాకికి ఈ సూక్ష్మములు లేవు. గొట్టము మూతినుండి నల్లమందు పోసి, గుడ్డ పెట్టి, గుండు వేసి, కడ్డీతో దట్టించేవారు. "మందు దట్టించుట" అను మాట మన భాషలో నిలిచినది అందువలననే. నల్లమందు అనగా సురేకారము, బొగ్గు, గంధకము. స్థూలముగా నూటికి 75, 15, 10 పాళ్ళు. 18వ శతాబ్దపు చివరను ఫ్రెంచి సేనాని రేమండు నిజాము కొరకు తోపులు పోత పోయించిన కార్ఖానా ఉన్నచోటును మనము నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తున్నాము. ఆ తోపులలో మండినది కూడా ఈ నల్లమందే. దానిని కొలతగిన్నెతో కొలిచి పోసినను సరిపోయేది. ఒక చిటికెడు ఎక్కువైన భుజము నొచ్చేది, పొగ ఎక్కువ వచ్చేది. మంచి తుపాకి ఆ పొరపాటును చాలవరకు క్షమించేది.

క్షమించని మందు తరువాత వచ్చినది. 1884లో పాల్ వియేయ్ అను ఫ్రెంచి రసాయనవేత్త పొగలేని మందును సిద్ధపరచినాడు. 1889లో ఇంగ్లండులో ఏబెల్, డ్యూయర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కార్డైటు అను మందును కనిపెట్టినారు. చూచుటకు అది సేమ్యా పుల్లలవలె ఉండును. మన దక్షిణాదిన నీలగిరులలోని అరువంకాడులో 1903లో ఈ కార్డైటు పేరనే ఒక కర్మాగారము వెలసినది. ఈ కొత్త మందులతో గుండు వేగము ఇంచుమించు రెట్టింపైనది, పొగ తగ్గినది. తూటా నింపేవాని బాధ్యత మాత్రము ఎన్నోరెట్లు పెరిగినది.

ఎందుచేతనో కొంచెము వివరించవలెను. మన వంటింటి ప్రెషరు కుక్కరు చదరపు అంగుళమునకు సుమారు 15 పౌన్ల పీడనము వద్ద ఈల వేయును. ప్రపంచమంతట వాడుకలో ఉన్న .30-06 అను రైఫిలు తూటాకు అమెరికావారు విధించుకొన్న గరిష్ఠ పీడనము 60,000 పౌన్లు. అనగా నాలుగువేల కుక్కర్ల పీడనము, ఆ తుపాకి కాల్చువాని చెంపకు జానెడు దూరమున, సెకండులో వేయవవంతు కాలము నిలుచును. ఇంకొక విశేషము కూడా ఉన్నది. పొగలేని మందు పీడనము పెరిగినకొలది మరింత వేగముగా మండును. వేగముగా మండినకొలది పీడనము మరింత పెరుగును. కావున మందు నూటికి అయిదు వంతులు పెంచిన పీడనము అయిదు వంతులే పెరుగుననుకొనరాదు. అంతకు మించి పెరుగును.

అందుచేత ఈ మందును తూచి వేయవలెను. తూకపు మానము గ్రెయిను. ఇది బంగారము కొనే ఇండ్లకు కొత్తది కాదు. పాత లెక్కలో తులమునకు 180 గ్రెయినులు. మా పెద్దనాన్నగారి త్రాసు సరియైనదో కాదో చూచుకొనుటకు ఆయన ఏడాదికొకసారి చిక్కడపల్లిలోని ఒక అవుసలాయన వద్దకు వెళ్ళేవారు. "తులము తూచే మీకు అరవీసము పోయినా ఇల్లు గుల్లగాదు, అర గ్రెయిను తప్పితే నా తుపాకి గుల్లగును" అని ఆయనతో పరిహాసమాడేవారు. అవుసలాయన నవ్వి, "మాకు తప్పితే మీరు ఊరుకొంటారా అయ్యా" అనేవాడు.

ఇక పట్టికల సంగతి. తూటాలు నింపేవారికొరకు అమెరికాలో 19వ శతాబ్దపు చివరినుండియే చేతిపుస్తకములు వెలువడినవి. 1937లో ఫిలిప్ షార్పు అను రచయిత ఒక ఉద్గ్రంథమునే ప్రకటించినాడు. ఈ పుస్తకములలో ఫలానా తూటాకు, ఇన్ని గ్రెయినుల గుండుకు, ఫలానా మందు ఇంతనుండి ఇంతవరకు అని పట్టికలు ఉండును. పై అంకె గరిష్ఠము. క్రింది అంకె ఆరంభము. ఆ పట్టిక ఎట్లు తయారైనదో గమనించవలెను. ప్రయోగశాలలో ఒకానొక తుపాకి గొట్టమున, ఒకానొక కంపెనీ డొప్పతో, ఒకానొక టోపీతో, ఒకానొక డబ్బాలోని మందుతో, ఒకానొక ఉష్ణోగ్రత వద్ద కాల్చి, యంత్రముతో పీడనము కొలిచి వ్రాసిన అంకె అది. దానిని వ్రాసినవారు సత్యమునే వ్రాసినారు. అయితే వారు వ్రాసినది వారి తుపాకిని గూర్చి.

మా పెద్దనాన్నగారిది .315 బోరు రైఫిలు. మన దేశమున ఈ బోరు వ్యాప్తికి ఒక కారణము ఉన్నది. అప్పట్లో సైన్యము వాడే .303 సామాన్యులకు నిషిద్ధముగా ఉండేది. అందుచేత ఆస్ట్రియా దేశపు మాన్‌లికరు సైనిక తూటా ఒకటి .315 అను పేరుతో మన షికారీల చేతికి వచ్చినది. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము లీ-ఎన్‌ఫీల్డు పద్ధతిలో ఈ రైఫిళ్ళను చేసినది. వేలకొలది లైసెన్సుదారులవద్ద అవి ఉన్నవి. మనకు ఇంత పరిచితమైన ఈ తూటా అమెరికా పుస్తకములకు అపరిచితము. పెద్దనాన్నగారి చేతిపుస్తకములో దానికి పట్టికయే లేదు.

దానికి దగ్గర చుట్టమనదగిన జర్మను మౌజరు తూటాకు ఉన్నది. అదియు ఎనిమిది మిల్లీమీటర్లదే, గుండు బరువులును ఇంచుమించు అవే. ఆయన ఆ పట్టికను తీసికొన్నారు. తొందరపాటు మనిషి కాదు. గరిష్ఠపు అంకెను ముట్టుకొనలేదు. ఆరంభపు అంకెనుండి కూడా కొంత తగ్గించి మొదలుపెట్టినారు. 1960 డిసెంబరులో, మేడ్చలు దాటిన పిదప ఒక మిత్రుని తోటలో, మట్టికట్టకు కాగితము అంటించి కాల్చినారు. గుండ్లు చెదరినవి. అర గ్రెయిను పెంచినారు. మరల అర గ్రెయిను. మూడవ విడత గుండ్లన్నీ అరచేతి వెడల్పులో పడినవి. డొప్పలు తేలికగా ఊడివచ్చినవి. ఏ దోషమూ కనబడలేదు. ఆ కొలతతోనే ఇంటిలో ఇరవై తూటాలు నింపి, వానిలో అయిదింటిని మరుసటివారము కాల్చి, తృప్తిపడి, తక్కిన పదిహేనింటిని పెట్టెలో భద్రపరచినారు. నోటుపుస్తకములో ఆ అంకె క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీసినారు.

మరుసటి మే నెలలో, మా పెద్దనాన్నగారి కుమారునికి, అనగా మా అన్నయ్యకు, పద్దెనిమిదేండ్లు నిండినవి. రైఫిలు పట్టుట నేర్పుటకు అతనిని అదే తోటకు తీసికొనివెళ్ళినారు. నన్నును వెంటబెట్టుకొన్నారు. మిత్రునితో మాటలలో మధ్యాహ్నమైనది. తూటాల పెట్టె గంటసేపు జీపు బానెట్టుమీద ఎండలో ఉన్నది. ఆ ఇనుముమీద చేయి ఆనలేదు.

"మొదట నేను కాలుస్తాను, చూడు. తరువాత నీ వంతు" అని అన్నయ్యతో చెప్పి ఆయన కాల్చినారు. ఆ చప్పుడు డిసెంబరునాటి చప్పుడు కాదు. కొరడా ఝళిపించినట్లు వాడిగా వినబడినది. ఆయన భుజము వెనుకకు పోయినది. గడియ ఎత్తబోతే రాలేదు. బలము చేసినను రాలేదు. ఆయన నెమ్మదిగా తుపాకిని నేలమీద పరచిన గుడ్డపై పెట్టి, మమ్ములను పది అడుగులు వెనుకకు పొమ్మన్నారు. కొంతసేపు ఆగి, చెక్కసుత్తితో గడియను తట్టి తట్టి తెరిచినారు. డొప్ప బయటికి వచ్చినది. టోపీ పెనముమీద అట్టువలె చదునైపోయి, దాని చుట్టును మసి చిమ్మియున్నది. డొప్ప అడుగుకు కొంచెము పైన ఒక మెరిసే గీత ఉంగరమువలె చుట్టుకొనియున్నది. ఆ ఉంగరము డొప్ప తెగిపోవుటకు మొదటి గుర్తు.

అన్నయ్య ముందుకు వచ్చి, "నాయనా, ఇప్పుడు నా వంతా?" అని అడిగినాడు. అతనికి ఏమి జరిగినదో తెలియలేదు. పెద్దనాన్నగారు బదులు చెప్పలేదు. మామిడిచెట్టు మొదట కూర్చొని కండువాతో ముఖము తుడుచుకొన్నారు. ఆ చేతుల వణుకు నేను అంతకుముందెన్నడును చూడలేదు. తరువాత ఆయన వార్ధక్యమున కూడా చూడలేదు.

ఆ రాత్రి టేకు పెట్టె తెరుచుకొన్నది. మిగిలిన పదునాలుగు తూటాలను ఆయన ఒక్కటొక్కటిగా విప్పినారు. మందు వేరు చేసి, మరునాడు ఆరుబయట పలుచగా పరచి కాల్చివేసినారు. ఎఱ్ఱగీతల అంకెను కొట్టివేసినారు. గడప ఇవతల కూర్చున్న నన్ను మొదటిసారి లోనికి పిలిచి అన్నారు: "బిడ్డా, పుస్తకము అబద్ధము చెప్పలేదు. అది మన తుపాకిని గూర్చి చెప్పనే లేదు. నేనే చెప్పినదనుకొన్నాను."

ఎక్కడ పొరపాటు జరిగినది? నేను పెద్దవాడనై చదువుకొన్న పిదప ఒక్కొక్కటిగా తెలిసినవి.

మొదటిది, పట్టిక వేరొక తూటాది. డొప్ప లోపలి చోటు కొంచెము తగ్గినను అదే మందు ఎక్కువ పీడనమును కలిగించును. పేరు ఒకటైనంత మాత్రమున కొలత ఒకటి కాదు. ఆ జర్మను తూటాలోనే గుండు వ్యాసము 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో అంగుళములో .318 నుండి .323కు మారినది, రెంటికీ ఎనిమిది మిల్లీమీటర్లు అనే పేరు. లావు గుండును సన్నని గొట్టమున కాల్చుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

రెండవది, తుపాకి వేరు. మౌజరు రైఫిలులో గడియను పట్టి ఉంచే పళ్ళు ముందువైపున, డొప్పకు ఆనుకొని ఉండును. లీ-ఎన్‌ఫీల్డులో అవి వెనుకవైపున ఉండును. పీడనము తగిలినప్పుడు గడియ రవంత నొక్కుకొనును; దానితో డొప్ప సాగును. అందుచేత మౌజరుకు సహ్యమైనది దీనికి కాకపోవచ్చును.

మూడవది, అన్నింటికన్న ముఖ్యమైనది, మన ఎండ. మందు ఎంత వేడిగా ఉన్న అంత త్వరగా మండును. డిసెంబరు ఉదయమున పరీక్షకు నిలిచిన కొలత మే మధ్యాహ్నమున నిలువలేదు. ఇది కొత్త సంగతి కాదు. కార్డైటు కాలముననే ఇంగ్లండు తుపాకి కంపెనీలు భారతదేశమునకు, ఆఫ్రికాకు పంపే తూటాలలో మందు తగ్గించి, "ఉష్ణదేశపు కొలత" అని ప్రత్యేకముగా నింపేవి. చలిదేశమున పుట్టిన పట్టికను మన దేశమునకు తెచ్చినప్పుడు ఎండను కూడా లెక్కలో వేసికొనవలెనని వారు అనుభవమున నేర్చినారు. పెద్దనాన్నగారు ఎండను మరచినారు. హైదరాబాదులో పుట్టి పెరిగినవారు ఎండను మరచుట వింతయే. పుస్తకము ముందున్నప్పుడు మనము కిటికీవైపు చూడము.

ఇట్టి పొరపాటు ఒక్క కవాడిగూడలోనే జరిగినదనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో 4831 అను సంఖ్య గల మిగులు సైనిక మందు చౌకగా అమ్మకమునకు వచ్చి, మిక్కిలి వ్యాప్తి పొందినది. 1970వ దశకమున వేరొక కంపెనీ అదే సంఖ్యతో కొత్త మందును విడుదల చేసినది. అది పాతదానికన్న త్వరగా మండును. పాత పట్టికలోని గరిష్ఠపు కొలతతో కొత్త మందును వాడిన ప్రమాదము తప్పదు. అందువలన సంఖ్యకు ముందున్న అక్షరములను కూడా చదువుకొనవలెనని పుస్తకములు పదే పదే హెచ్చరించవలసివచ్చినది. అక్షరముల తేడా!

తూటాలు నింపుట చట్టసమ్మతమైన దేశములలో అనుభవజ్ఞులు పాటించే నియమములు కొన్ని ఉన్నవి. మందు, గుండు, టోపీ, డొప్ప, వీనిలో ఏ ఒక్కటి మారినను మరల ఆరంభపు అంకెకు దిగవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని మార్చినచో దోషము దేనిదో తెలియదు. పట్టిక లేని తూటాకు ప్రక్క తూటా పట్టిక తీసికొనరాదు. తగ్గించుట ఎల్లప్పుడు క్షేమమని కూడా తలచరాదు. కొన్ని నిదానపు మందులను మరీ తక్కువగా వేసిన అవి సరిగా మండక, గుండు గొట్టము నడుమ నిలిచిపోవచ్చును. ఆ సంగతి తెలియక రెండవ తూటా కాల్చిన తుపాకియే పగులును. కావుననే పట్టికకు పై హద్దుతోపాటు క్రింది హద్దును ఇచ్చినారు. డొప్ప చూపే గుర్తులు కూడా ఆలస్యముగా వచ్చే గుర్తులే. టోపీ చదునగునప్పటికి పీడనము హద్దు దాటియే ఉండవచ్చును. దోషము కనబడలేదనుట దోషము లేదనుట కాదు.

ఇవి తెలిసికొనుటకే గాని అనుసరించుటకు చెప్పలేదు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. తుపాకికి ఉన్న లైసెన్సు దానికి చాలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో షికారు కాలము ముగిసినది. అది ముగియుటయే మేలైనది. పెద్దనాన్నగారు ఎప్పటివలె రైఫిలును నూనెగుడ్డతో తుడిచి, ఆ ఏడే అధికారులకు అప్పగించివచ్చినారు. తుపాకి పట్టే నేర్పు ఇప్పుడు క్రీడారంగమునకు చేరినది. 2012 లండను ఒలింపిక్సులో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యపతకము గెలిచినది గాలి రైఫిలుతో. దానిలో మందే లేదు.

టేకు పెట్టె ఇప్పుడు మా ఇంటిలో ఉన్నది. అచ్చులు, మందు ఏనాడో పోయినవి. త్రాసు, నోటుపుస్తకము మిగిలినవి. అందులో కొట్టివేసిన ఎఱ్ఱగీతల అంకె క్రింద ఆయన చేతివ్రాతలో మూడు మాటలు ఉన్నవి: "మే నెల. ఎండ."

మందుసీసామీద పెద్దల మోతాదు చూచి పసివానికి సగము పోసే తల్లి, పొరుగు జిల్లా నేలకు చెప్పిన ఎరువు లెక్కను తన చేనిలో చల్లే రైతు, వీరందరును పట్టికను నమ్మినవారే. నమ్ముట తప్పు కాదు. ఆ అంకె ఎవరిది, ఏ కాలమున, దేనిపై కొలిచినది అని అడిగిన తరువాత నమ్మవలెను. జవాబు దొరకనప్పుడు చేయి వెనుకకు తీసికొనవలెను. ఆనాడు మొదట తానే కాల్చుదునని పెద్దనాన్నగారు అనకపోయినచో, ఆ తుపాకి మా అన్నయ్య చెంపకు ఆనియుండేది. ఆ అన్నయ్య నేడు మనుమల నెత్తుకొనియున్నాడు. ఈ ప్రసంగమును అతడు కూడా వింటూ ఉండును.